బొమ్మ దగ్గర ఆగుదాం

(హనుమకొండలో ఒక సాయంత్రం సోవియట్ దర్శకుడు సెర్గీ పరజానోవ్ సినిమా 'దానిమ్మల రంగు' ప్రదర్శించిన తర్వాత చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికి నమస్కారం.

ఈ సినిమాలో కథ ఉన్నదా అని అడిగేటోళ్ళకు ముందు జవాబు చెప్పి, ఆ ముచ్చట పక్కకు పెడ్త. కథ ఉన్నది. చిన్నది. 18వ శతాబ్దంలో టిబిలిసి నగరంలో సయత్ నోవా అనే ఆర్మేనియన్ కవి ఉండె. కమాంచా అనే తంతివాద్యం వాయించుకుంట పాడేటోడు. ఆర్మేనియన్, జార్జియన్, అజర్‌బైజానీ భాషల్లో పాటలు కట్టిండు. రెండో ఎరెక్లె రాజు కొలువులో పాడిండు. ఆ కొలువు పోయింది, మతగురువు అయిండు. 1795లో పర్షియా సైన్యం టిబిలిసి మీద పడ్డప్పుడు ప్రాణం పోయింది. పరజానోవ్ 1969లో తీసుకొచ్చిన ఈ సినిమాకు ఆధారం ఆ జీవితమే. బాల్యం, యవ్వనం, కొలువు, మఠం, ముసలితనం, చావు, అన్నీ వరుసగనే వచ్చినయి.

అయినా మీలో చాలా మంది దారి తప్పినట్టు కూసున్నరు. నేను పక్క నుంచి మీ మొఖాలు చూస్తనే ఉన్న. మనకు సినిమా అంటే "తర్వాత ఏమైతది" అనే ఆత్రం. ఆ ఆత్రం తప్పు కాదు. మంచి కథకుడు దాన్ని పట్టుకొనే మనల్ని చివరిదాకా నడిపిస్తడు. పరజానోవ్ మాత్రం దాన్ని అసలే వాడుకోలేదు. ఒక బొమ్మ పెడ్తడు. మన కన్ను దాని మీద అన్ని మూలలకు పోయి వచ్చేదాకా ఉంచుతడు. తీసి ఇంకో బొమ్మ పెడ్తడు. ఈ బొమ్మ నుంచి ఆ బొమ్మకు ఎట్ల వచ్చినం అనేది చెప్పడు. నేను ఇయ్యాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇట్ల చూసుడు మనకు కొత్త కాదు. ఓరుగల్లు చుట్టుపక్కల పుట్టి పెరిగినోళ్ళకు అసలే కొత్త కాదు. సినిమా హాలుకు వచ్చేటప్పుడు ఆ చూపును బయట వదిలిపెట్టి వస్తున్నం, అంతే.

మొదటి రెండు మూడు నిమిషాలు తీసుకుందాం. తెల్లటి గుడ్డ మీద దానిమ్మ పండ్లు. ఎవ్వరూ కోయలేదు, ఎవ్వరూ పిండలేదు. వాటి కింది నుంచి ఎర్రటి రసం మెల్లగ గుడ్డలోకి పాకుతది. ఆ తర్వాత ఒక కత్తి, దాని కింద కూడ గుడ్డ ఎరుపెక్కుతది. అక్షరాలు చెక్కిన రాయి మీద ఒక వట్టికాలు ద్రాక్ష గుత్తిని తొక్కుతది. రొట్టెల నడుమ చేప కొట్టుకుంటది. తన బతుకూ ప్రాణమూ వేదనే అని కవి చెప్పుకునే మాట పదే పదే వినబడ్తది. ఇవన్నీ చూస్తున్నప్పుడు మీరు ఏం చేసిండ్రు? నాకు తెలిసి సగం మంది "దీనికి అర్థం ఏంది" అని వెతుకుడు మొదలుపెట్టిండ్రు.

జెర ఆగండి. ముందు కనబడేది చూద్దాం. పండు మరక, కత్తి మరక ఒకటే ఎరుపు. రెండిటి కింద ఉన్నది ఒకే రకం తెల్లగుడ్డ. ఒక దాంట్లో తీపి ఉన్నది, ఇంకో దాంట్లో గాయం ఉన్నది, కన్నుకు రెండూ ఒక్కటే. ఆ తర్వాత పాదం కింద ద్రాక్షరసం పారేది రాతిలో చెక్కిన అక్షరాల మీద. పండు పగిలితేనే రసం వస్తది, ఆ రసం అక్షరం మీదికి వస్తది. ఇది నేను ఏ పుస్తకం చూసి చెప్తలేను, తెర మీద ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. కవి అంటే ఎవరు అనే సంగతి ఒక్క మాట చెప్పకుండ అక్కడనే అయిపోయింది.

దానిమ్మ మరక పాత ఆర్మేనియా దేశపటం లెక్క ఉన్నదని చాలా మంది రాసిండ్రు. ఉండొచ్చు. 1915లో ఆ జాతి మీద జరిగిన మారణకాండ తెలిసినోళ్ళకు ఆ ఎరుపు ఇంకా లోతుగ తాకుతది, అది తెలుసుకోవాల్సిందే. కానీ చేప అంటే క్రీస్తు, ద్రాక్ష అంటే రక్తం, దానిమ్మ అంటే దేశం అని పట్టిక రాసుకొని కూసుంటే ఆ పట్టిక నిండుతది, కండ్లు ఖాళీగ ఉంటయి. దానిమ్మ ముందు దానిమ్మ. మఠంలో సన్యాసులు వరుసగ కూసొని దానిమ్మలు కరకర కొరికే సీను యాదికి తెచ్చుకోండి. అక్కడ అది తిండి. ఆకలి, ఆ చప్పుడు, పండ్ల మధ్య చిట్లే గింజలు. మొదట్లో గాయం లెక్క కనబడ్డ పండే ఇక్కడ నోట్లో పడి నలుగుతది. రెండూ గుర్తుపెట్టుకొని చూసినోళ్ళకు ఆ పండు బరువు పెరుగుతది. పట్టికలో రాసుకున్నోళ్ళకు అది మొదటి నిమిషంలోనే అయిపోతది.

బాల్యం భాగం నాకు అన్నిటికన్న ఇష్టం, కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువ సేపు ఉంట. తడిసిన పుస్తకాలు. పెద్ద పెద్ద చేతిరాత గ్రంథాలు. వాటి మీద రాళ్ళు పెట్టి ఒత్తితే నీళ్ళు కారుతయి. తర్వాత మఠం కప్పు మీద వాటన్నిటిని తెరిచి ఎండకు పెట్టిండ్రు. గాలి వస్తది, పేజీలన్నీ ఒక్కసారి లేస్తయి. పిల్లగాడు వాటి నడుమ పండుకుంటడు. చదువుకు సంబంధించి ఇంతకన్న మంచి దృశ్యం సినిమాలో నేను ఎక్కడా చూడలేదు. పిల్లగాడు ఇంకా చదవడం లేదు. పుస్తకం తడి, పుస్తకం బరువు, పుస్తకం చప్పుడు, ఇవి ముందు అతనికి తెలిసినయి. అక్షరం తర్వాత వస్తది.

ఆ వెంటనే ఉన్ని. రంగు తొట్ల నుంచి ఆవిర్లు కక్కుకుంట చిలపలు, అంటే ఉన్ని కట్టలు, పైకి లేస్తయి, వాటి నుంచి రంగునీళ్ళు కింద లోహపు పళ్ళేల మీద టపటప పడ్తయి. ఆ చప్పుడు విన్నరా? పరజానోవ్ దాన్ని కావాలనే పెద్దగ వినిపించిండు. ఇక్కడ వరంగల్ నేతగాళ్ళ వాడ కొత్తవాడ నుంచి వచ్చినోళ్ళు ఉన్నరు. వరంగల్ డర్రీలకు, అంటే జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు, కానీ ఆ గల్లీలలో పెరిగినోళ్ళకు తెలిసింది వేరే. చిలపలు దండెం మీద ఆరుతుంటే కింద నేల ఏ రంగుకు తిరుగుతదో మీకు తెలుసు. తడి నూలు వాసన ఎట్ల ఉంటదో తెలుసు. ఇట్లాంటి ఇంట్లో పెరిగే పిల్లలకు రంగు ముందు తడిగా, వాసనగా తెలుస్తది, దాని పేరు తర్వాత తెలుస్తది. ఈ సినిమాలో ఆ ఐదు నిమిషాలు అర్థం కాలేదని కొత్తవాడ మనిషి ఎవరన్న అంటే నేను నమ్మను. మీకు అర్థమైంది. అర్థమైనట్టు మీకు ఎవ్వరూ చెప్పలేదు, అంతే.

పరజానోవ్ బాల్యం కూడ ఇట్లాంటిదే. 1924లో టిబిలిసిలోనే పుట్టిండు, ఆర్మేనియన్ కుటుంబం. తండ్రి పాత వస్తువుల వ్యాపారి. వస్తువు చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని తిప్పి చూసుడు ఆయనకు ఇంట్లోనే అలవాటైన పని. ఈ సినిమాలో కుండ, గుడ్డ, శంఖం, కంచం ఏదీ సెట్టు నింపడానికి పెట్టింది కాదు. మనిషికి ఎంత చోటు ఇచ్చిండో వస్తువుకు అంతే చోటు ఇచ్చిండు.

ఇప్పుడు కెమెరా సంగతి. దీనికంటె ముందు, 1960ల నడుమ, పరజానోవ్ కీవ్ స్టూడియోలో తీసిన సినిమాలో కెమెరాకు నిలకడ లేదు. చెట్టు కూలుతుంటే చెట్టుతోపాటు కిందికి వస్తది, మనుషుల చుట్టు గిర్రున తిరుగుతది. ఆ సినిమాతోనే ఆయనకు ప్రపంచంలో పేరొచ్చింది. అట్లాంటి మనిషి ఈ సినిమాకు వచ్చేసరికి కెమెరాను ఒక్కచోట నిలబెట్టేసిండు. చాతకాక కాదు. తనకు పేరు తెచ్చిన విద్యనే పక్కన పెట్టిండు. ఒక కళాకారునికి అది ఎంత కష్టమో కుంచె పట్టినోళ్ళకు తెలుసు. నేను పిల్లలకు బొమ్మలు నేర్పిన మనిషిని, ఆ నిర్ణయం దగ్గర నాకు చేతులెత్తి మొక్కబుద్ధయితది.

ఎందుకు ఆపిండు? ఆర్మేనియన్ చేతిరాత గ్రంథాలలోని చిన్న బొమ్మల లెక్క సినిమా ఉండాలని. ఈ సినిమా తీసిన చోట్లలో హఘ్‌పట్, సనహిన్ మఠాలు ఉన్నయి, ఒకప్పుడు అవి గ్రంథాలు రాసి బొమ్మలేసిన చోట్లు. ఆ బొమ్మలలో దగ్గర ఉన్నది పెద్దగ, దూరం ఉన్నది చిన్నగ అనే లెక్క నడవదు. నీడలు పడవు. అన్నీ ముందుకే వచ్చి నిలబడ్తయి.

మరి కథ చెప్పడానికి గుడ్డ మీద బొమ్మలేసే మన చేర్యాల పటం? చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది గాని 2016 దాకా మన వరంగల్ జిల్లానే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పట్టిస్తరు. ఆరినంక గీతలు గీస్తరు, వెనుక అంతా ఎరుపు నింపుతరు. ఆ ఎరుపు ఆకాశం కాదు, గోడ కాదు, సాయంత్రం కాదు. బొమ్మలు నిలబడే జాగ అది. పూల అంచులతో గళ్ళు చేస్తరు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. రెండు గళ్ళ నడుమ ఎంత కాలం గడిచిందో పటంలో రాయరు. కూనపులోళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పినా, డక్కలోళ్ళు మాదిగలకు జాంబపురాణం చెప్పినా, పటం ముందు కూసున్నోళ్ళకు ఆ కథ ముందే తెలుసు. తాతల కాలం నుంచి తెలుసు. తెలిసిన కథకు మళ్ళ మళ్ళ ఎందుకు కూసున్నరు? తర్వాత ఏమైతదో తెలుసుకోవడానికి కాదు గదా. ఆ గడిలో ఆ మనిషి చేయి ఎట్ల లేచింది, ఆ కండ్లు ఎటు చూస్తున్నయి, చెప్పేటాయన కట్టె ఎక్కడ ఆగింది, దాన్ని చూడడానికి కూసున్నరు.

పరజానోవ్ సినిమాకూ పటానికీ ఒక పెద్ద తేడా ఉన్నది, దాన్ని దాచొద్దు. పటం పక్కన చెప్పేటాయన ఉంటడు, పాడ్తడు, కట్టెతో చూపిస్తడు. ఇక్కడ పటం ఉన్నది, చెప్పేటోడు లేడు. అక్కడక్కడ తెర మీద రెండు వాక్యాలు, ఎక్కడి నుంచో ఒక ప్రార్థన, ఒక పాట. నటులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కట్టె పట్టుకునే పని చూసేటోళ్ళ మీద పడ్డది. ఈ సినిమా కష్టం అంతా అక్కడనే ఉన్నది, దాని గౌరవం కూడ అక్కడనే ఉన్నది. చూసేటోని మీద ఇంత నమ్మకం పెట్టుకున్న దర్శకులు తక్కువ.

నటులంటే గుర్తొచ్చింది. యువకవి మొఖం, అతను ప్రేమించిన రాకుమారి మొఖం ఒక్కటేనని ఎంతమంది పట్టుకున్నరు? రెండూ సోఫికో చియావురేలీ అనే జార్జియన్ నటి వేసింది. ఇంకా వేరే వేషాలు కూడ ఈ సినిమాలో ఆమెవే. రాకుమారి తెల్లటి లేసు మొఖం ముందు కదిలిస్తది, కండ్లు మనల్నే చూస్తయి. తర్వాత కవి, అవే కండ్లు. కవి తను ప్రేమించిన మనిషిలో ఎవర్ని చూసుకున్నడు అనేది పరజానోవ్ ఒక్క మాట లేకుండ నటి మొఖంతో చెప్పిండు. మగవేషం ఆడది వేసుడేంది అని మనం ఆశ్చర్యపోవద్దు. జనగామ దిక్కు చుక్క సత్తయ్య ఒగ్గు కథ చూసినోళ్ళు ఈ సభలో ఉండే ఉంటరు. ఒగ్గు కథలో ఒక్క మనిషే ఇప్పుడు రాజు, కొంగు కప్పుకుంటె రాణి. ఎవ్వరూ లేచి "ఇదెట్ల" అని అడగలేదు.

నడక, చేతుల కదలిక కూడ అంతే. ఈ సినిమాలో మనుషులు మామూలుగ నడవరు. ఆగుతరు, చేయి ఒక కొలతలో లేపుతరు, మళ్ళ ఆగుతరు. మఠంలో కవి వేషం వేసిన విలెన్ గల్స్త్యాన్ నాట్యకారుడు, ఆ శరీరంలో అది తెలుస్తది. పాలంపేట పోయి రామప్ప గుడి చుట్టు తిరిగినోళ్ళు నల్లరాతి మదనికల కింద నిలబడే ఉంటరు. 1213 నాటి గుడి. ఆ ఆడబొమ్మ కాలికి గుచ్చుకున్న ముల్లు తీపించుకుంటుంటే మనం "తర్వాత ఎటు పోయింది" అని అడగం. నడుము ఎక్కడ వంగింది, బరువు ఏ కాలి మీద ఉన్నది, అది చూస్తం. పక్కకు జరిగి మళ్ళ చూస్తం. నటరాజ రామకృష్ణ గారు ఆ గుడి గోడల శిల్పాలను, జాయప సేనాని నాట్య గ్రంథాన్ని పట్టుకొని పేరిణి నాట్యానికి మళ్ళ ప్రాణం పోసిండ్రు. ఆగిన భంగిమలో కదలిక ఉంటదని నమ్మితేనే గదా ఆ పని జరిగేది. పరజానోవ్ నటుల నిలకడను కూడ ఆ నమ్మకంతోనే చూడాలె.

ఒక దృశ్యం గురించి నా అభ్యంతరం చెప్పకపోతే నేను నిజాయితీగ మాట్లాడినట్టు కాదు. చివరికి కవి కొవ్వొత్తుల నడుమ పండుకుంటడు, చుట్టూ తలలు తెగిన కోళ్ళు కొట్టుకుంటయి, వాటి రెక్కలకు కొవ్వొత్తులు ఆరిపోతయి. అవి నిజం కోళ్ళు. బొమ్మగ అది మరిచిపోలేనిది. బలి అంటే తెలియని ఊరు కాదు మనది, అయినా ఒక సినిమా బొమ్మ కోసం ప్రాణాలు తీసుడు నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఈ సినిమాను ఎంత ప్రేమించినా అది అట్లనే ఉంటది.

దానికన్న కొంచెం ముందున్న సీనులో మాత్రం నాకు ఏ పేచీ లేదు. మేస్త్రీ గోడ కడ్తుంటడు, గోడ లోపల మట్టికుండలు పెడ్తుంటడు. పాత చర్చీలలో గొంతు మారుమోగాలని అట్ల కుండలు పెట్టేటోళ్ళు. మేస్త్రీ పై నుంచి కవిని పాడుమంటడు. తర్వాత చచ్చిపొమ్మంటడు. పాట గోడలోకి పోతది, మనిషి పోతడు. కవి చనిపోయినంక పాట ఎక్కడుంటదో చూపించడానికి పరజానోవ్‌కు దొరికింది ఒక కుండ, కొంత సున్నం.

నేనొక ఆలోచన చేస్తుంట. పాలకుర్తి దగ్గర బమ్మెర మన పోతన ఊరు. పోతన మీద సినిమా అంటే మనకు రాజు, ధిక్కారం, పొలం, దేవుడు ప్రత్యక్షం, ఇవే తోస్తయి. పరజానోవ్ లెక్క ఆలోచించేటోడు ఈ ఊరిలో ఉంటే ఏం తీస్తడు? తాటాకు తీస్తడు. దాన్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, కోసుడు తీస్తడు. గంటంతో గీసినప్పుడు ఆకు మీద అక్షరం కనబడీ కనబడనట్టు ఉంటది, మసి రుద్దితే నల్లగ తేలుతది. ఆ మసి వేళ్ళతోనే పోతన అన్నం ముద్ద కలిపి ఉంటడు, ఎడ్ల పలుపు పట్టి ఉంటడు. ఇక్కడి యువకులు కొంతమంది షార్ట్ ఫిల్ములు తీస్తున్నరు, మీ కోసమే చెప్తున్న. దీనికి డబ్బు పెద్దగ అవసరం లేదు. వస్తువు ముందు ఓపికగ నిలబడే మనిషి కావాలె.

ఇంత అందమైన పని చేసిన పరజానోవ్‌కు ఏమైందో కూడ చెప్పాలె. సినిమాకు ఆయన పెట్టిన పేరు 'సయత్ నోవా'. ఇది ఆ కవి చరిత్ర లెక్క లేదని సోవియట్ అధికారులు పేరు మార్పించిండ్రు. సెర్గీ యుట్కెవిచ్ అనే ఇంకో దర్శకుడు కొంత తగ్గించి, వరుస మార్చి, మళ్ళ ఎడిట్ చేసింది ఆర్మేనియా బయట, మిగతా సోవియట్ దేశంలో ఆడింది. 1973 డిసెంబరులో పరజానోవ్‌ను అరెస్టు చేసిండ్రు, స్వలింగ సంపర్కం లాంటి ఆరోపణలు పెట్టిండ్రు, ఐదేండ్ల కఠిన శిక్ష వేసిండ్రు. ఫ్రెంచ్ కవి లూయీ అరగాఁ లాంటి వాళ్ళు గొంతు విప్పినంక 1977 చివర విడుదలైండు. తర్వాతి పెద్ద సినిమా 1980ల నడుమ గాని రాలేదు. పదిహేనేండ్లు! జైలులో కెమెరా లేదు. పాలసీసాల అల్యూమినియం మూతలు ఏరుకొని గోరుతో, మేకుతో బొమ్మలు గీసి పతకాలు చేసిండు. చెత్త నుంచి కొలాజ్‌లు చేసిండు. 1990లో చనిపోయిండు. యెరెవాన్‌లో ఆయన పేరు మీదున్న మ్యూజియంలో ఇప్పుడు ఆ పనులన్నీ చూడొచ్చు.

ఆయన జైలు కథ తెలిసినంక మనకు సినిమా మీద జాలి పుట్టొచ్చు, ఆ జాలితో చూడొద్దని నా మనవి. సినిమాకు జాలి అక్కరలేదు. తెర మీద ఉన్న ఆ తెల్లగుడ్డ, ఆ ఎరుపు తమ బలం మీదనే నిలబడ్డయి.

రెండోసారి చూసేటోళ్ళకు రెండు మాటలు. 2014లో పాత సినిమాలను బాగుచేసే వరల్డ్ సినిమా ప్రాజెక్టు, ఇటలీలోని బొలోన్యా సినెమాథెక్ అనే సినిమాల భండారం కలిసి దర్శకుని కూర్పుకు దగ్గరగ ఉన్న ప్రతిని బాగుచేసినయి, ఆ ఏడే కాన్ సినిమా పండుగలో చూపించిండ్రు. వెతికితే దాన్నే వెతకండి. పాత ప్రతులలో ఎరుపు గోధుమ రంగుకు తిరిగి ఉంటది, ఎరుపు పోతే ఈ సినిమాలో సగం పోయినట్టు. ఫోనులో చూడకండి, అంత చిన్న తెర మీద గుడ్డ నేత కనబడదు. నడుమ ఆపి అర్థాలు వెతకకండి. ఒకసారి చేతులను మాత్రమే పట్టుకొని చూడండి: పుస్తకం మీద చేతులు, లేసు మీద చేతులు, గొయ్యి తవ్వే చేతులు. ఆ గొయ్యి తవ్వే సీనులో చర్చి నిండ గొర్లు వచ్చి పడ్తయి. ఇయ్యాళ మీలో చాలా మంది అక్కడ గొర్లను చూసి ఉంటరు, కవి చేతులను చూసి ఉండరు. తిగ్రాన్ మన్సూర్యన్ సంగీతం కోసం ఇంకోసారి కండ్లు మూసుకొని వినొచ్చు. నీళ్ళు, రాయి గీకుడు, గంటలు, పేజీలు, ఎక్కడ చప్పుడు ఆగి ఎక్కడ పాట మొదలైతదో మీరే చెప్పగలుగుతరు.

నా మాట ఇక్కడికి ఆపుత. హాలు ఇంకో అరగంట మన చేతిలోనే ఉన్నది. ఏ బొమ్మ దగ్గర ఆగిపోయిండ్రో చెప్పండి, దాన్ని మళ్ళ వేసుకొని అందరం కలిసి చూద్దాం. ముందు చేయి ఎత్తిన చెల్లెకు మైకు ఇయ్యండి.